నాలుగో వార్డు పక్కగది

ముందు ముగ్గురు డాక్టర్లు, వాళ్ల వెనక ఆస్పత్రి పెద్దలు, ఆ వెనక ఫైళ్లు పట్టుకున్నవాళ్లు. చిన్నగది ఇట్టే నిండిపోయింది.

ముంబయి పరేల్‌లోని కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆస్పత్రి అది. ఊళ్లో అందరూ కెఈఎం అంటారు. 2011 జనవరి నెలాఖరు. నాలుగో వార్డుకి ఆనుకుని ఉన్న ఆ పక్కగదిలో ఒక్కటే మంచం. దానిమీద ఉన్న మనిషి ఎలా ఉందో చూసి చెప్పమని జనవరి 24న సుప్రీంకోర్టు ఈ ముగ్గురినీ పురమాయించింది. ముగ్గురివీ మూడు వేరే ఆస్పత్రులు.

మంచం మీద అరవై రెండేళ్ల మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. మణికట్లు లోపలికి వంగి బిగుసుకుపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప పడుతోంది, లేస్తోంది. చూపు మాత్రం దేనిమీదా నిలవడం లేదు. ముక్కులోంచి సన్నటి గొట్టం.

గదిలో మాటలు పెరిగాయి. ఎవరో కుర్చీ జరిపారు. మంచం మీంచి ఒక శబ్దం మొదలైంది. మాట కాదు, మూలుగు అనడానికీ లేదు. గొంతు పెంచుకుంటూ పోతోంది.

తలగడ పక్కన నిలబడ్డ సిస్టర్ కదిలింది. "సార్, జనం ఎక్కువయ్యారు. ఆవిడకి పడదు. నలుగురు బయటికెళ్తే తనే ఊరుకుంటుంది."

వెళ్లారు. ఊరుకుంది.

మనుషులు ఎక్కువైతే ఆమె శబ్దం చేస్తుందనీ, వాళ్లు వెళ్లిపోతే శాంతిస్తుందనీ ఆ ముగ్గురు డాక్టర్లు తమ నివేదికలో రాశారు. సిస్టర్ నోట పెట్టిన మాటలు, ఆ క్షణం కట్టిన దృశ్యం మాత్రం నావి. ఈ గాథలో ఎక్కడ సంభాషణ కనిపించినా అంతే. నర్సులు మంచం దగ్గర ఏం మాట్లాడుకుంటారో ఏ కోర్టూ రాసి పెట్టదు కాబట్టి, డ్యూటీలు ఎలా నడుస్తాయో తెలిసినవాడిగా ఊహించి రాస్తున్నాను. తేదీలు, తీర్పు, నివేదికలోని సంగతులు రికార్డులో ఉన్నవే.

ఆ మంచం మీది మనిషి అరుణా రామచంద్ర శాన్‌బాగ్. ఆమె కూడా ఆ ఆస్పత్రి నర్సే.

*

ఉత్తర కన్నడ జిల్లాలో సముద్రానికి దగ్గరగా హల్దీపూర్ అనే ఊరు. 1948 జూన్ 1న అక్కడ పుట్టింది అరుణ. నర్సు ఉద్యోగం కోసం ముంబయి వచ్చి కెఈఎంలో చేరింది. అదే ఆస్పత్రిలో పనిచేసే ఒక డాక్టరుతో పెళ్లి కుదిరింది. ఆమె డ్యూటీ చేసింది ప్రయోగాల కోసం కుక్కలకి ఆపరేషన్లు చేసే విభాగంలో. అక్కడ ఊడ్చే ఒక పనివాణ్ణి ఏదో విషయమై మందలించిందనీ, వాడు పగ పట్టాడనీ అంటారు.

1973 నవంబరు 27 సాయంత్రం. డ్యూటీ దిగి, బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంట్‌లోకి వెళ్లింది. వాడు అక్కడ కాచుకుని ఉన్నాడు. కుక్కలకి కట్టే గొలుసు ఆమె మెడకి బిగించాడు. మర్నాడు పొద్దున ఎనిమిది కావొస్తుండగా శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లు ఆమెను చూశారు. మెడ నొక్కుకుపోయి మెదడుకి ప్రాణవాయువు అందలేదు. ప్రాణం నిలిచింది. చూపు, మాట, నడక పోయాయి.

కేసు పెట్టింది దోపిడీకి, హత్యాయత్నానికి. జరిగింది అంతకన్నా ఘోరం. పెళ్లి కావలసిన పిల్ల, బయటికి పొక్కితే పరువు ఏం కావాలన్న ఆలోచనతో లైంగిక దాడి అన్న మాట కాగితం మీదికి రాలేదు. వాడికి ఏడేళ్ల శిక్ష పడింది. 1980లో వాడు జైలు నుంచి బయటికొచ్చి వెళ్లిపోయాడు. ఆమె మంచం మీదే ఉంది. రోగి మేలు పేరు చెప్పి రోగిని అడక్కుండా చేసే పనుల్లో, ఆ మాట దాచడం మొదటిది. తర్వాత ఆమె గురించి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా అదే తంతు, ఆమెను అడిగే వీలు లేకపోయింది.

ముంబయి నర్సులు సమ్మె చేశారు. డ్యూటీలో తమకు రక్షణ కావాలన్నారు. ఆ తర్వాత అందరూ ఎవరి వార్డులకి వాళ్లు వెళ్లారు. నాలుగో వార్డువాళ్లకి మాత్రం ఒక పని అదనంగా మిగిలింది.

*

మంచాన పడ్డ మనిషిని ఇంట్లో చూసుకున్నవాళ్లకి ఆ పని ఏమిటో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం కొంచెం దగ్గర్నుంచి చెబుతాను.

కదలలేని ఒంటిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. ఒకరివల్ల కాదు, ఇద్దరుండాలి. నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటిని చెరో కొస పట్టుకుని, ఒక్క ఊపున ఎత్తి తిప్పాలి. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. తిప్పాక రెండు మోకాళ్ల మధ్య ఒక దిండు, వీపు వెనక ఒక దిండు. కింద పక్కబట్ట ముడత లేకుండా చేత్తో రాసి చూడాలి. రాత్రి గమనించని ఒక ముడత పొద్దునకి చర్మం మీద గీత, ఎల్లుండికి పుండు. ఆ తర్వాత వెన్ను చివరి ఎముక, తుంటి, మడమ, మోచెయ్యి, తల వెనక భాగం వరసగా చూసుకోవాలి. ఎక్కడైనా ఎర్రగా ఉంటే వేలితో నొక్కాలి. తెల్లబడి మళ్లీ రంగొస్తే పరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే, కిందనే పుండు పుట్టింది.

కెఈఎం ఆస్పత్రి కోర్టుకి చెప్పిన మాట ఒకటుంది: ఆమెకు 37 ఏళ్లలో ఒక్కసారి కూడా పడకపుండు పడలేదని. కోర్టు పంపిన డాక్టర్లు చూసినప్పుడూ ఒంటిమీద పుండు లేదు.

రెండు గంటలకోసారి అంటే రోజుకి 12 సార్లు. 37 ఏళ్లకి లక్షా అరవై వేల పైచిలుకు. ఈ లెక్క వేసుకుని నేను కాసేపు పెన్ను పక్కన పెట్టాను. రోగికి పడకపుండు పడితే ఆ తప్పు సాధారణంగా రోగానిది కాదనీ, చాకిరీదనీ ఫ్లోరెన్స్ నైటింగేల్ నూటయాభై ఏళ్లకి ముందే తన పుస్తకంలో రాసేసింది. మన నర్సింగ్ స్కూళ్లలో ఆమె పటానికి దండ వేస్తారు. కెఈఎం సిస్టర్లు ఆమె పెట్టిన పరీక్షకి మూడు తరాలు కూర్చుని పాసయ్యారు.

పుండు ఒక్కటే కాదు. నోరు తుడవాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పొర కడుతుంది. వేళ్ల కీళ్లను రోజూ సాగదీయాలి. తడిసిన బట్ట మీద పది నిమిషాలు కూడా ఉంచకూడదు. మలమూత్రాలకి ముందు అరుణ ఒక రకం శబ్దం చేసేదట, సిస్టర్లు దాన్ని పోల్చుకుని అందుకునేవాళ్లట. పసిపిల్ల ఏడుపుల్లో ఆకలి ఏడుపు వేరని తల్లికి తెలిసినట్టు.

తిండి సంగతి వేరే చెప్పాలి. 2010 సెప్టెంబరు దాకా ఆమెకు నోటితోనే పెట్టారు. మెత్తగా గుజ్జు చేసిన తిండి, చెంచాతో. వీపు ఎత్తి కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, సగం చెంచా. మింగిందో లేదో గొంతు మీద చూసి, అప్పుడు ఇంకో సగం. తొందరపడితే మెతుకు ఊపిరితిత్తుల దారి పడుతుంది, అక్కణ్ణుంచి నిమ్ముకి ఎంతో దూరం ఉండదు. ఒక గిన్నె అయ్యేసరికి అరగంట, ముప్పావుగంట.

ఆమెకు చేప ఇష్టం. కోడి సూపు ఇష్టం. అవి నోటికందితే మొహం విచ్చుకునేదని సిబ్బంది చెప్పిన మాటను డాక్టర్లు నివేదికలో రాశారు. సముద్రం ఒడ్డు పిల్లకి చేపల రుచి ఎక్కడిదని ఎవరూ అడగరు. నచ్చనిది పెడితే ఉమ్మేసేది.

ఆ ఉమ్మెయ్యడం గుర్తుపెట్టుకోండి.

*

ఏ సంవత్సరమైనా అనుకోండి, నాలుగో వార్డులో ఒక రాత్రి. సర్కారు ఆస్పత్రి వార్డు ఎలా ఉంటుందో అలాగే ఉంది. మంచాలన్నీ నిండి, నేలమీద చాపలు. డ్యూటీలో ఒక సీనియర్ సిస్టర్, రెండో ఏడాది చదివే ఒక స్టూడెంటు. గోడ గడియారం రెండు చూపిస్తోంది.

"సిస్టర్, రెండయింది. అరుణా సిస్టర్‌ని తిప్పే టైము."

"తెలుసు. ముందు పదకొండో బెడ్ దగ్గరికి రా. ఆయాసం ఎక్కువైంది. తల వైపు ఎత్తు, నేను ఆక్సిజన్ పెడతాను."

అది అయ్యేసరికి నాలుగో బెడ్ కట్టు తడిసి ఎర్రబడింది. డ్యూటీ డాక్టరుకి కబురు పంపారు. ఆరో బెడ్ సెలైన్ సీసా అడుక్కి వచ్చింది. పిల్ల చూపు పదేపదే పక్కగది తలుపు మీదికి పోతోంది.

"వీళ్లందరూ పిలుస్తున్నారు సిస్టర్. ఆవిడ పిలవలేదు కదా."

"పిలవలేనివాళ్ల టైము మనం గుర్తుంచుకోవాలి. అందుకేగా గడియారం చూశావు." సీసా మారుస్తూ అంది సిస్టర్. "ఊపిరి ఆడనివాళ్లు ముందు. నెత్తురు పోయేవాళ్లు తర్వాత. ఈ వరసలో తిప్పడం ఎప్పుడూ ఆఖరే. ఆవిడ పది నిమిషాలు ఆగుతుంది, అరగంట ఆగుతుంది. తెల్లారేదాకా మాత్రం ఆగదు."

రెండూ నలభైకి ఇద్దరూ పక్కగదిలోకి వెళ్లారు. తిప్పారు. మడమలు చూశారు. పిల్ల షీటు తీసి పెన్ను పట్టింది. రెండు అంకె వేయబోయింది.

"ఎన్నింటికి తిప్పాం?"

"రెండూ నలభై."

"అదే రాయి."

"లేటయిందని మెట్రన్ అడిగితే?"

"ఎందుకు లేటయిందో చెబుదువు. రెండు అని రాస్తే ఆవిడ ఒకే పక్కన రెండు గంటలకి మించి ఉందని వచ్చే డ్యూటీ సిస్టర్‌కి తెలియదు, నువ్వు రాసిన అబద్ధం ఆవిడ వీపు మీద తేలుతుంది."

నర్సింగ్ నీతిశాస్త్రం అంటే చావుబతుకుల మీద పెద్ద పెద్ద చర్చలనుకుంటాం. నూటికి తొంభై పాళ్లు ఆ శాస్త్రం ఇదిగో ఈ షీటు మీదే నడుస్తుంది, రాత్రి రెండూ నలభైకి, ఎవరూ చూడనప్పుడు. అంతర్జాతీయ నర్సుల సమాఖ్య నియమావళి నర్సుకి చెప్పే బాధ్యతలు నాలుగు: ఆరోగ్యం పెంచు, జబ్బు రాకుండా చూడు, తగ్గేలా చెయ్యి, తగ్గనిదానికి బాధ తగ్గించు. అరుణ విషయంలో మొదటిదీ మూడోదీ అయ్యే పని కాదు. రెండోది పుండ్ల రూపంలో, నాలుగోది చెంచా రూపంలో మిగిలాయి. వాళ్లు వాటినే పట్టుకున్నారు.

*

ఇక్కడో చేదు మాట చెప్పుకోవాలి. నేలమీద చాపల్లో రోగులుండే ఆస్పత్రిలో ఒక మంచాన్ని, ఒక గదిని ఒక్క మనిషికి ఏళ్లకేళ్లు ఇవ్వడం న్యాయమేనా? 1980లలో ముంబయి కార్పొరేషన్‌కి ఈ ప్రశ్నే వచ్చింది. రెండుసార్లు ఆమెను అక్కణ్ణుంచి తరలించి మంచం ఖాళీ చేయించాలని చూసింది. రెండుసార్లూ నర్సులు అడ్డం నిలిచారు. కార్పొరేషన్ వెనక్కి తగ్గింది.

లెక్క ప్రకారం చూస్తే కార్పొరేషన్ అడిగింది తప్పు కాదు. ఆ మంచం మీద ఇన్నేళ్లలో ఎన్ని వందలమంది కోలుకుని ఇంటికెళ్లేవాళ్లో. కానీ ఆమె ఆ మంచం మీదికి వచ్చింది ఆ ఆస్పత్రి బేస్‌మెంట్ నుంచి. డ్యూటీలో కాపాడలేకపోయిన మనిషిని గడువు దాటిన అద్దెదారులా బయటికి పంపమంటే ఏ నర్సు ఒప్పుకుంటుంది? ఈ విషయంలో నేను నర్సుల పక్షం. ఏటా కొత్తగా వచ్చిన నర్సింగ్ బ్యాచ్‌ని ఆ గదికి తీసుకొచ్చి, ఈమె మనలో ఒకరు, మంచి నర్సు, ఇలా జరిగింది అని పరిచయం చేసేవాళ్లని డాక్టర్ల నివేదికలో ఉంది. జూన్ 1న పుట్టినరోజు చేసేవాళ్లు. రిటైరైన ఒక సిస్టర్ జీతం లేకుండా వచ్చి అరుణను చూసుకుంటానందని ఆస్పత్రి కోర్టుకి చెప్పింది.

*

ఇంకొకరు కూడా అరుణ పక్షమే. జర్నలిస్టు పింకీ విరాణీ. ఆమె 1998లో అరుణ కథను పుస్తకంగా రాశారు. ఆ పుస్తకంతోనే దేశంలో చాలామందికి అరుణ పేరు తెలిసింది. 2009లో ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఎముకలు పెళుసుబారాయి, ఒళ్లు ఎండిపోయింది, చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు, కోలుకునే ఆశ లేదు, ఈ బతుకు ఎవరికోసం అన్నది పిటిషన్ సారాంశం. తిండి ఆపించి ఆమెను ప్రశాంతంగా పోనివ్వమని ప్రార్థన.

కెఈఎం జవాబులో ఉన్నది వేరే మనిషి. తింటుంది, మొహంలో ఇష్టాయిష్టాలు తెలుస్తాయి, పాటలు పెడితే నెమ్మదిస్తుంది, మా మనిషి, మేం చూసుకుంటాం.

ఒకే మంచం, ఒకే మనిషి, రెండు వర్ణనలు. ఎవరి మాట నిజమో తేల్చమనే కోర్టు ముగ్గురు డాక్టర్లను పంపింది.

పిటిషన్ అడిగిన దాన్ని వార్డు భాషలోకి మారిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. కోర్టు ఔనంటే ఆ ఉత్తర్వు ఢిల్లీలో అమలుకాదు. రేపు పొద్దున ఎనిమిది గంటల డ్యూటీకి వచ్చిన ఒక సిస్టర్ గిన్నె పక్కన పెట్టెయ్యాలి. ఆకలికి ఆమె చేసే శబ్దం ఏదో ఆ సిస్టర్‌కి తెలుసు. ఆ శబ్దం వింటూ ఎనిమిది గంటలు ఆ గదిలో ఉండి, చార్జి ఇచ్చి ఇంటికెళ్లాలి. తర్వాతి డ్యూటీకి ఇంకో సిస్టర్. వెంటిలేటర్ ఆపడానికి ఒక మీట ఉంటుంది. చెంచా ఆపడానికి మీట లేదు, మనిషి చెయ్యి ఉంటుంది. చట్టం దృష్టిలో గొట్టం, గుజ్జు, వెంటిలేటర్ ఒకే గాటన కట్టగలిగినవి కావచ్చు. నర్సుకి అన్నం వైద్యం కాదు, అన్నమే.

అలాగని పిటిషన్‌ని తోసిపారెయ్యడానికీ నాకు మనసొప్పదు. 2010 సెప్టెంబరులో అరుణకి జ్వరం వచ్చింది, మలేరియా అనుకున్నారు. నోటితో తినడం తగ్గిపోయింది. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు వేశారు. మనకి ఇళ్లలో కూడా అలవాటైన గొట్టమే అది. ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్ణుంచి ఛాతీ ఎముక చివరిదాకా కొలిచి వేస్తారు. పెట్టే ప్రతిసారీ సిరంజితో లాగి కడుపులోనే ఉందో లేదో చూసుకుని, తలవైపు ఎత్తి పోస్తారు. తిండి లోపలికి పోతుంది, నిమ్ము భయం మాత్రం తీరదు. పోయినది ఒక్కటే. గొట్టంలో పోసినదాన్ని ఎవరూ ఉమ్మెయ్యలేరు.

అన్నేళ్లూ ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ‘కాదు’, ‘ఔను’ ఆ పెదాల దగ్గరే ఉండేవి. అవీ పోయాక ఆమె తరఫున చెప్పేదంతా మనుషులు చెప్పిందే. ఆస్పత్రి సిబ్బంది ఇంత బాగా చూసుకుంటున్నందుకు గర్వపడుతున్నారనీ, సహజంగా పోయేదాకా చూసుకోవాలని గట్టిగా కోరుకుంటున్నారనీ నివేదికలో ఉంది. అది చదివినప్పుడు కళ్లు తడిసినా, ఒక ముల్లు గుచ్చుకుంది. గర్వం వాళ్లది. బతుకు ఆమెది. ఇరవై అయిదేళ్ల అరుణను, యూనిఫాంలో నడిచి తిరిగే అరుణను, ఒకవేళ నీకే ఇలాగైతే అని ఎవరైనా అడిగి ఉంటే ఏమనేదో. నర్సు కాబట్టి మనకన్నా బాగా తెలిసే చెప్పేది.

చెప్పగలిగినవాళ్ల మాటైనా ఆ రోజుల్లో చెల్లలేదు. 2004లో మన హైదరాబాదులోనే కండరాలు క్షీణించే జబ్బుతో చివరి దశలో ఉన్న ఒక పాతికేళ్ల చెస్ ఆటగాడు, అవయవాలు పాడవకముందే దానం చేసి పోనివ్వమని కోరాడు. తల్లి హైకోర్టుకి వెళ్లింది. బ్రెయిన్ డెడ్ అయితే తప్ప ఆ అవయవాలు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అబ్బాయి పోయాడు. అక్కడ స్పష్టంగా మాట ఉంది, చట్టం లేదు. అరుణ దగ్గరికి వచ్చేసరికి చట్టం తయారైంది, మాట లేదు.

*

2011 మార్చి 7. జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞానసుధా మిశ్రా ధర్మాసనం. గాలిబ్ ద్విపదతో మొదలైన తీర్పు అది.

పిటిషన్ కొట్టేశారు. పింకీ విరాణీ తపనని తక్కువ చెయ్యకుండానే, ఆమె అరుణకి అత్యంత సన్నిహితురాలు కాదన్నారు. ఎవరు మరి? తల్లిదండ్రులు లేరు. పెళ్లి కుదిరిన డాక్టరు కొన్నేళ్లు మంచం పక్కన కూర్చుని, చివరికి తన దారి వెతుక్కున్నాడు. అయినవాళ్ల రాకపోకలు పలచబడ్డాయి. ఇన్నేళ్లు రాత్రీ పగలూ చాకిరీ చేసిన కెఈఎం సిబ్బందే ఆమె తరఫున మాట్లాడదగినవాళ్లని కోర్టు తేల్చింది. వాళ్లు ఆమె బతకాలంటున్నారు కాబట్టి బతకనివ్వాలంది.

అదే తీర్పు ఇంకో తలుపు తెరిచింది. కోలుకోలేని రోగికి బతుకు నిలిపే వైద్యాన్ని ఆపడం హైకోర్టు అనుమతితో కుదురుతుందని మొదటిసారి దారి చూపింది. కెఈఎం సిబ్బంది ఎప్పుడైనా మనసు మార్చుకుంటే బాంబే హైకోర్టుకి వెళ్లొచ్చని కూడా రాసింది. అంటే తాళం చెవి నాలుగో వార్డు చేతికే ఇచ్చింది. నాకు తెలిసి ఈ దేశంలో చావుబతుకుల నిర్ణయంలో నర్సుల మాటకి అంత బరువు ముందెప్పుడూ దక్కలేదు.

ఆ సాయంత్రం కెఈఎంలో సిస్టర్లు మిఠాయిలు పంచుకున్నారు. అరుణకి మరోజన్మ అన్నారు. రాత్రి డ్యూటీవాళ్లు వచ్చారు. పక్కగదిలో తిప్పే టైము అయింది.

ఆ తాళం చెవిని వాళ్లు తర్వాత నాలుగేళ్లూ వాడలేదు.

*

2015 మే. నర్సుల దినోత్సవం 12న అయిపోయింది. ఆ రోజుల్లోనే అరుణకి ఊపిరి కష్టమైంది. నిమ్ము. ఐసీయూకి మార్చారు. దాదాపు ముప్పై ఏడేళ్లు చెంచా చెంచాకీ, తర్వాత గొట్టం పోసిన ప్రతిసారీ వాళ్లు కాచుకున్నది దేనికో అదే వచ్చింది. మే 18 పొద్దున పోయింది. ఇంకో రెండు వారాలుంటే అరవై ఏడు నిండేవి.

భోయివాడ శ్మశానంలో ఆస్పత్రి డీన్, బంధువుల్లో ఒకరు కలిసి అంత్యక్రియలు జరిపారు. యూనిఫాంలు వేసుకున్న సిస్టర్లు కదలకుండా నిలబడ్డారు. వాళ్లలో చాలామంది అరుణ పడిపోయిన రోజుకి ఇంకా పుట్టలేదు.

ఆ మర్నాడు నాలుగో వార్డు స్టూడెంటు ఎవరైనా గడియారం వైపు చూసి, అలవాటున పక్కగది వైపు రెండడుగులు వేసి ఆగి ఉంటుందా? రికార్డులో లేదు. నాకు మాత్రం వేసే ఉంటుందనిపిస్తుంది.

*

తర్వాత కథ కోర్టులది, త్వరగా చెప్పేస్తాను. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా పోయే హక్కు కూడా బతికే హక్కులో భాగమేనంది. నాకిలాంటి స్థితి వస్తే వైద్యం ఆపండి అని మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చంది. అరుణను ఎవరూ అడగలేకపోయిన ప్రశ్న అదే. మీకు పద్దెనిమిది నిండి, మనసు స్థిమితంగా ఉంటే ఈ రోజే రాసుకోవచ్చు. 2023 జనవరి 24న ఆ పద్ధతిని కోర్టు సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు. అది రాసుకోవడానికి మన ఇళ్లలో ఎవరూ ఇష్టపడరు. అమంగళం అంటారు. రాసుకోకపోతే ఆ మాట ఇంకెవరో అంటారు, అంతే తేడా.

వైద్యం ఆపాలా వద్దా అన్నది తేల్చడానికి ఆస్పత్రిలో రెండు బోర్డులు కూర్చోవాలి. మొదటి బోర్డులో వైద్యం చేస్తున్న డాక్టరు, ఆ విషయంలో అనుభవమున్న మరో ఇద్దరు డాక్టర్లు. రెండో బోర్డులో జిల్లా వైద్యాధికారి నియమించే ఒక డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు. అరుణ కేసులో సుప్రీంకోర్టే ఆమెకు దగ్గరివాళ్లని ఒప్పుకున్న ఆ చేతులకి, రెండు గంటలకోసారి ఒంటిని తిప్పి షీటులో నిజమైన టైము రాసే ఆ మనిషికి, ఈ ఆరు కుర్చీల్లో ఒక్క కుర్చీ కూడా వెయ్యలేదు.